ఫైల్ కొత్త ప్రోగ్రామ్‌లో తెరుచుకుంటుంది, ఐకాన్ మాత్రం పాతదే: దీనికి ఫార్మాట్ అక్కర్లేదు

తమ్ముడూ, ముందు ఒక్క మాట. సిస్టమ్‌కు ఫార్మాట్ కొట్టించకు. నువ్వు రాసినదాన్ని బట్టి చూస్తే విండోస్‌కు ఏ రోగమూ లేదు. ఐకాన్ల కోసం ఫార్మాట్ కొట్టించి, ప్రింటర్ డ్రైవర్, స్కానర్, వేలిముద్రల డివైజ్, తెలుగు టైపింగ్‌కు వాడే ‘అను’ ఫాంట్లు అన్నీ మళ్లీ వేసుకుంటూ కూర్చుంటే ఆ రోజు గిరాకీ అంతా పక్క షాపుకు పోతుంది.

నువ్వు చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇది. కేయూ (కాకతీయ యూనివర్సిటీ) క్రాస్ రోడ్ దగ్గర మీ నెట్ సెంటర్‌లో విండోస్ 10 సిస్టమ్ ఉంది. ఇన్నాళ్లూ పీడీఎఫ్‌లు ఎడ్జ్‌లో తెరుచుకునేవి. ప్రింట్ తీయడానికి తేలిగ్గా ఉంటుందని సుమత్రా పీడీఎఫ్ అనే రీడర్ వేసి, దాన్ని డిఫాల్ట్ చేశావు. ఇప్పుడు డబుల్ క్లిక్ చేస్తే సుమత్రాలోనే వస్తున్నాయి. కానీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో చాలా ఫైళ్లకు ఇంకా ఎడ్జ్ ఐకానే ఉంది, కొన్నింటికి ఉత్త తెల్ల కాగితం. ఆ తెల్లవాటిని నొక్కితే దేంతో తెరవాలని విండోస్ అడుగుతోంది. సర్వీస్ చేసే ఆయన వచ్చి చూసి, రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులన్నీ రాసి పెట్టుకునే చోటు) పోయింది, ఫార్మాటే దిక్కు అన్నాడు.

ఇందులో ఒక ముక్క ఆయన గమనించినట్టు లేదు. ఒకే ఫోల్డర్‌లో, ఒకే వ్యూలో, ఒకే రకం ఫైళ్లకు రెండు రకాల ఐకాన్లు రావు. వచ్చాయంటే అవి ఒకే రకం ఫైళ్లు కావు. కాబట్టి నీకు ఉన్నవి రెండు వేర్వేరు లొల్లులు. పాత ఎడ్జ్ ఐకాన్ ఒకటి, తెల్ల కాగితం ఒకటి. రెండింటినీ కలిపి చూస్తేనే రిజిస్ట్రీ పోయినట్టు కనిపిస్తుంది.

తెల్లవాటి సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే వాటికి సుమత్రాతో సంబంధమే లేదని నా అనుమానం.

డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి, పైన వ్యూ ట్యాబ్‌లో డీటెయిల్స్ ఎంచుకో. అదే ట్యాబ్‌లో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అన్న గడి ఉంటుంది, దానికి టిక్ పెట్టు. విండోస్ 11లో అయితే వ్యూ నొక్కి, షో అన్నదాంట్లోకి వెళ్తే ఇదే గడి దొరుకుతుంది. పదిమంది పెన్‌డ్రైవ్‌లు పెట్టే సిస్టమ్‌లో ఈ టిక్ ఎప్పుడూ ఉండి తీరాలి. మైక్రోసాఫ్ట్ వాళ్లు దీన్ని తీసేసి ఎందుకు ఇస్తారో నాకైతే నచ్చదు.

ఇప్పుడు తెల్ల ఫైళ్ల పేర్ల చివర చూడు. వాట్సాప్ నుంచి వచ్చినవి ఉంటాయి: డీవోసీ అని మొదలై, తేదీ అంకెలు, డబ్ల్యూఏ, ఒక నంబర్, అంతే. చివర పీడీఎఫ్ అన్న ముక్క ఉండదు. కస్టమర్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి వాట్సాప్ డాక్యుమెంట్స్ ఫోల్డర్ నుంచి కాపీ చేసుకుంటే ఇలాంటివి తగులుతుంటాయి. ఇంకొన్నింటికి చివర సీఆర్‌డౌన్‌లోడ్ అని ఉంటుంది. అవి క్రోమో ఎడ్జో సగంలో వదిలేసిన డౌన్‌లోడ్‌లు. నెట్ ఆగిందో, కస్టమర్ తొందరపడి బ్రౌజర్ మూసేశాడో, మొత్తానికి అవి పూర్తి ఫైళ్లు కావు. ఇప్పుడు ఏదీ దిగడం లేదని చూసుకుని వాటిని తీసేసి, కావాల్సినవి మళ్లీ దింపుకో. వాట్సాప్ నుంచి వచ్చినవాటికి మాత్రం పేరు చివర చుక్క పెట్టి పీడీఎఫ్ అని ఇంగ్లిష్‌లో తగిలిస్తే చాలు. పేరు చివర ఇప్పటికే ఉత్త చుక్క ఒకటి ఉంటే రెండోది పెట్టకు.

అయితే తగిలించే ముందు అది నిజంగా పీడీఎఫేనా అని చూసుకో. దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ వద్దు, నోట్‌ప్యాడ్ చాలు. ఆ ఫైల్‌ను కాపీ చేసి, కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరువు. ఓపెన్ విత్ పెట్టెలో కింద ‘ఎల్లప్పుడూ ఇదే వాడు’ అన్న అర్థం వచ్చే గడి ఉంటుంది, దానికి టిక్ పెట్టొద్దు. పిచ్చిపిచ్చి అక్షరాలు వస్తాయి, కంగారు పడకు, మొదటి లైన్ ఒక్కటి చూస్తే చాలు. % గుర్తు, దాని వెంటనే పీడీఎఫ్, ఒక హైఫన్, 1.4 లాంటి అంకె కనిపిస్తే అది అసలైన పీడీఎఫ్. పీకే అన్న రెండక్షరాలతో మొదలైతే అది జిప్ కావచ్చు, వర్డ్ లేదా ఎక్సెల్ ఫైల్ కావచ్చు. డాక్స్, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ అన్నవి లోపల జిప్‌లే. ఎంజెడ్ అని మొదలైతే అది ప్రోగ్రామ్. దాన్ని అక్కడే ఆపెయ్, డబుల్ క్లిక్ చేసే పని పెట్టుకోకు. డాక్‌టైప్ హెచ్‌టీఎంఎల్ అని కనిపిస్తే అది వెబ్ పేజీ. ఇది మన షాపుల్లో తరచూ జరిగేదే: ఈఏపీసెట్ (పాత ఎంసెట్) హాల్ టికెటో, డిగ్రీ సీట్ల దోస్త్ అలాట్‌మెంట్ కాగితమో దింపుతుంటే లాగిన్ గడువు అయిపోతుంది, సైట్ హాల్ టికెట్ బదులు తప్పు జరిగిందన్న పేజీని ఇస్తుంది, మనం దాన్నే సేవ్ చేసుకుంటాం. దానికి పీడీఎఫ్ అని పేరు తగిలించినంత మాత్రాన ఏ రీడరూ తెరవదు. మళ్లీ లాగిన్ కావాల్సిందే. చూడటం అయ్యాక నోట్‌ప్యాడ్‌ను సేవ్ చేయకుండా మూసెయ్. సేవ్ చేస్తే ఫైల్ పాడవుతుంది, కాపీ మీద చేయమన్నది అందుకే.

ఎంజెడ్ అన్నాను కాబట్టి పెన్‌డ్రైవ్‌ల గురించి ఒక ముక్క. ప్రోగ్రామ్ ఫైళ్లు తమ ఐకాన్‌ను తమ లోపలే మోసుకొస్తాయి. ఫోల్డర్ బొమ్మ పెట్టుకున్న వైరస్ పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్ లాగే కనిపిస్తుంది, పీడీఎఫ్ బొమ్మ పెట్టుకున్నది పీడీఎఫ్ లాగే కనిపిస్తుంది. ప్రాజెక్ట్ రిపోర్ట్ ప్రింట్ కోసం యూనివర్సిటీ పిల్లలు తెచ్చే పెన్‌డ్రైవ్‌లలో ఇది పాత బెడద. ఐకాన్‌ను నమ్మకు, డీటెయిల్స్ వ్యూలో టైప్ అన్న నిలువు వరుసను నమ్ము. బొమ్మ ఫోల్డర్‌ది, టైప్‌లో మాత్రం అప్లికేషన్ అని ఉందంటే విషయం అర్థమైపోయినట్టే.

ఇక అసలు ప్రశ్న. సుమత్రాలో తెరుచుకునే పీడీఎఫ్‌లకు ఎడ్జ్ ఐకాన్ ఎందుకు?

పీడీఎఫ్ ఫైల్ లోపల ఐకాన్ ఏమీ ఉండదు. నువ్వు ఫోల్డర్ తెరిచినప్పుడు విండోస్ పేరు చివరి ముక్కను చూస్తుంది. ఈ యూజర్ పీడీఎఫ్‌కు ఏ ప్రోగ్రామ్ ఎంచుకున్నాడని రిజిస్ట్రీలో వెతుకుతుంది. అక్కడ ఒక గుర్తింపు పేరు దొరుకుతుంది, దాన్ని ప్రోగ్ఐడీ అంటారు. ఎడ్జ్‌కు ఒకటి, సుమత్రాకు ఒకటి. ఆ పేరు కింద రెండు సంగతులు విడివిడిగా రాసి ఉంటాయి. డబుల్ క్లిక్ చేస్తే ఏ ప్రోగ్రామ్‌ను పిలవాలన్నది ఒకటి, ఏ ఐకాన్ చూపాలన్నది ఇంకొకటి. ఫైల్ సరిగ్గా తెరుచుకుంటూ ఐకాన్ మాత్రం తప్పుగా ఉండటం అందుకే సాధ్యం. ఒకటి బాగుండి రెండోది చెడిపోవచ్చు.

దీని మీద ఇంకో పొర ఉంది. ప్రతి ఫైల్‌కూ ప్రతిసారీ ఇంత వెతుకులాట చేస్తే సిస్టమ్ నత్తలా నడుస్తుంది. అందుకని విండోస్ ఒకసారి తీసిన ఐకాన్‌ను క్యాష్ అనే తాత్కాలిక నిల్వలో దాచుకుని, తర్వాత దాన్నే చూపిస్తుంది. డిఫాల్ట్ మారినప్పుడు కొత్త ప్రోగ్రామ్ ఎక్స్‌ప్లోరర్‌కు (ఫోల్డర్లు, డెస్క్‌టాప్, టాస్క్‌బార్ చూపించే విండోస్ ప్రోగ్రామ్) కబురు పెట్టాలి, ఎక్స్‌ప్లోరర్ క్యాష్‌ను సరిచేసుకోవాలి. ఆ కబురు అందకపోయినా, క్యాష్ ఫైల్ పాడైనా పాత ఐకానే కనిపిస్తుంది. మన భాషలో చెప్పాలంటే ఒరిజినల్ సర్టిఫికెట్ మారింది, షాపులో పాత జిరాక్స్ అలాగే ఉంది. మధ్యలో కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేసి సిస్టమ్ ఒక్కసారిగా ఆగిపోయే చోట ఈ క్యాష్ పాడవడానికి అవకాశం ఎక్కువ.

కాబట్టి ఏదీ డిలీట్ చేయకముందే తప్పు ఏ పొరలో ఉందో చూడాలి. రెండు పరీక్షలు చాలు.

మొదటిది, టైప్ వరుస. ఎడ్జ్ ఐకాన్ ఉన్న ఒక పీడీఎఫ్‌కు టైప్ దగ్గర ఏం రాసి ఉందో చదువు. మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ పీడీఎఫ్ డాక్యుమెంట్ అని ఇంకా ఉంటే, డిఫాల్ట్ నిజంగా మారలేదేమో అని అనుమానించు. ఓపెన్ విత్ ద్వారా ఒకసారికి మాత్రమే తెరిచి ఉంటావు. అక్కడ ఎడ్జ్ పేరు పోయి, ఐకాన్ మాత్రం ఎడ్జ్‌దే ఉంటే తప్పు క్యాష్‌ది. టైప్ దగ్గరి మాటలు ఐకాన్ క్యాష్ నుంచి రావు కాబట్టి ఈ తేడా తెలుస్తుంది.

రెండో పరీక్ష నాకు బాగా ఇష్టం, ఎందుకంటే పది సెకన్ల పని. ఫోల్డర్‌లో ఖాళీ చోట క్లిక్ చేసి, కంట్రోల్ నొక్కిపట్టి మౌస్ చక్రం తిప్పు. ఐకాన్లు చిన్నవి, మధ్యరకం, పెద్దవి, మరీ పెద్దవిగా మారుతుంటాయి. విండోస్ ఒక్కో సైజుకు ఒక్కో క్యాష్ ఫైల్ పెట్టుకుంటుంది: 16, 32, 48, 96, 256 ఇలా. చిన్న సైజులో ఎడ్జ్ బొమ్మ, పెద్ద సైజులో సుమత్రా బొమ్మ వస్తే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు, క్యాష్ దోషమే. అన్ని సైజుల్లోనూ ఒకే తప్పు వస్తే మాత్రం క్యాష్ కావచ్చు, ఇంకా లోపల కావచ్చు. క్యాష్ తీసేశాక గానీ తేలదు. పెద్ద సైజులో ఐకాన్ బదులు పీడీఎఫ్ మొదటి పేజీయే కనిపిస్తే అది థంబ్‌నెయిల్. సుమత్రా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ప్రివ్యూలు చూపించాలా అన్న గడికి టిక్ పెట్టి ఉంటావు. అది లోపం కాదు, వద్దనుకుంటే ఫోల్డర్ ఆప్షన్స్‌లో వ్యూ కింద ‘ఎప్పుడూ ఐకాన్లే చూపు, థంబ్‌నెయిల్స్ వద్దు’ అన్న గడి ఉంది.

పరీక్ష అయ్యాక మందు. చిన్నదానితో మొదలుపెట్టి పైకి పో, ఎక్కడ బాగైతే అక్కడ ఆగిపో.

సెట్టింగ్స్, యాప్స్, డిఫాల్ట్ యాప్స్‌లోకి వెళ్లు. కిందికి వస్తే ఫైల్ రకాన్ని బట్టి ఎంచుకునే లింక్ ఉంటుంది. అందులో డాట్ పీడీఎఫ్ వెతికి, ఒకసారి మళ్లీ ఎడ్జ్ పెట్టు, వెంటనే తిరిగి సుమత్రా పెట్టు. వింతగా అనిపించినా ఇది పనిచేస్తుంది, ఎందుకంటే డిఫాల్ట్ మారిందన్న కబురు ఈసారి విండోసే స్వయంగా ఎక్స్‌ప్లోరర్‌కు పంపుతుంది. విండోస్ 11లో అయితే డిఫాల్ట్ యాప్స్ పేజీలో పైన ఉన్న వెతుకు గడిలో డాట్ పీడీఎఫ్ అని కొడితే చాలు.

అయినా మారకపోతే ఎక్స్‌ప్లోరర్‌ను రీస్టార్ట్ చెయ్. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో విండోస్ ఎక్స్‌ప్లోరర్ మీద రైట్ క్లిక్ చేసి రీస్టార్ట్. టాస్క్‌బార్ ఒక క్షణం మాయమై మళ్లీ వస్తుంది. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి రిఫ్రెష్, రిఫ్రెష్ అని నొక్కడం మనందరికీ ఉన్న అలవాటే. సిస్టమ్ ఆన్ చేయగానే పూజ చేసినట్టు చేసేవాళ్లను కూడా చూశాను. కానీ దానివల్ల ఫోల్డర్‌లోని ఫైళ్ల జాబితా మళ్లీ చదవబడుతుంది తప్ప ఐకాన్ క్యాష్ కొత్తది కాదు.

విండోస్ 10లో ఇంకో తేలిక మార్గం ఉంది. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కితే రన్ పెట్టె వస్తుంది. అందులో ఫోన్‌లో చెప్పినట్టు చెప్తాను, ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టు: ఐ, ఈ, అంకె 4, యూ, ఐ, ఎన్, ఐ, టీ. తర్వాత ఒక ఖాళీ, ఒక హైఫన్, దానికి ఆనించి షో. ఎంటర్ కొడితే ఏమీ జరిగినట్టు కనిపించదు, పెట్టె మూసుకుంటుందంతే. కానీ ఐకాన్లను మళ్లీ చదవమని విండోస్‌కు చెప్పినట్టే.

దీనికీ లొంగకపోతే క్యాష్ ఫైళ్లనే తీసేయాలి. భయపడాల్సిన పని కాదు, అవి దాచుకున్న నకళ్లే కాబట్టి విండోస్ మళ్లీ తయారుచేసుకుంటుంది. కాకపోతే ఆ ఫైళ్లను ఎక్స్‌ప్లోరర్ పట్టుకుని ఉంటుంది కాబట్టి, అది నడుస్తుండగా కొన్ని డిలీట్ కావు. ‘ఫైల్ వాడకంలో ఉంది’ అని వచ్చి చాలామంది ఇక్కడే ఆగిపోతారు. వరుస ఇలా పెట్టుకో.

ముందు తెరిచి ఉన్న పనులన్నీ సేవ్ చేసుకో. రన్ పెట్టెలో % గుర్తు, లోకల్‌యాప్‌డేటా, మళ్లీ % గుర్తు, ఖాళీల్లేకుండా ఇంగ్లిష్‌లో కొట్టి ఎంటర్. తెరుచుకున్న ఫోల్డర్‌లో మైక్రోసాఫ్ట్, దాంట్లో విండోస్, దాంట్లో ఎక్స్‌ప్లోరర్ ఫోల్డర్‌కు వెళ్లు. ఐకాన్‌క్యాష్ అని మొదలై, అండర్‌స్కోర్, సైజు అంకె, చివర డీబీ ఉన్న ఫైళ్లు అక్కడ కనిపిస్తాయి. థంబ్‌క్యాష్ అని ఉన్నవి ఫోటోలు, వీడియోల ప్రివ్యూలవి, వాటితో మనకు పని లేదు. ఇప్పుడు ఆ కిటికీ పైన అడ్రస్ బార్‌లో ఉన్నదంతా తుడిచి, సీఎండీ అని కొట్టి ఎంటర్ నొక్కు. నల్ల కిటికీ సరిగ్గా అదే ఫోల్డర్‌లో తెరుచుకుంటుంది. పొడుగాటి దారి టైప్ చేసే బాధ, మధ్యలో ఒక అక్షరం తప్పే బాధ రెండూ తప్పుతాయి.

నల్ల కిటికీని అలాగే ఉంచి టాస్క్ మేనేజర్ తెరువు. డీటెయిల్స్ ట్యాబ్‌లో ఎక్స్‌ప్లోరర్ డాట్ ఈఎక్స్‌ఈ వెతికి ఎండ్ టాస్క్ కొట్టు. టాస్క్‌బార్, డెస్క్‌టాప్ ఐకాన్లు అన్నీ పోయి ఉత్త వాల్‌పేపర్ మిగులుతుంది. ఇక్కడే చాలామందికి టెన్షన్ వచ్చి పవర్ బటన్ నొక్కేస్తారు. నువ్వు నొక్కకు. నల్ల కిటికీ మీద క్లిక్ చేసి డెల్, ఒక ఖాళీ, ఐకాన్‌క్యాష్, దానికి ఆనించి నక్షత్రం గుర్తు, అన్నీ ఇంగ్లిష్‌లో కొట్టి ఎంటర్. ఐకాన్‌క్యాష్ అన్న మాట తప్పకుండా ఉండాలి. దాన్ని మరిచి ఉత్త నక్షత్రం కొడితే ఫోల్డర్‌లోవన్నీ పోతాయి. తర్వాత టాస్క్ మేనేజర్‌లో ఫైల్ మెనూ, రన్ న్యూ టాస్క్, ఎక్స్‌ప్లోరర్ అని కొట్టి ఓకే. విండోస్ 11లో రన్ న్యూ టాస్క్ బటన్ పైనే ఉంటుంది. డెస్క్‌టాప్ తిరిగొచ్చాక ఒకసారి రీస్టార్ట్ చెయ్. మొదట్లో ఐకాన్లు కాస్త ఆలస్యంగా నిండుతాయి, అది మామూలే.

నీ ఎడ్జ్ ఐకాన్ల కథ ఇక్కడితో ముగియాలి. అయినా ముగియకపోతే తప్పు ఇంకా లోపల, అంటే ఐకాన్ చిరునామాలోనే ఉంది. ఇక్కడ రిజిస్ట్రీ మాట వస్తుంది కాబట్టి మెల్లగా చదువు.

ప్రోగ్ఐడీ కింద ఏ ఐకాన్ చూపాలో రాసి ఉంటుందని చెప్పాను కదా, ఆ అర పేరు డిఫాల్ట్‌ఐకాన్. దాంట్లో ఒక ఫైల్ దారి, ఒక కామా, ఒక అంకె రాసి ఉంటాయి. ఫలానా ప్రోగ్రామ్ ఫైల్‌లో ఉన్న ఫలానా నంబర్ ఐకాన్ అని దాని అర్థం. 0 అంటే మొదటిది. మైనస్ అంకె ఉంటే ఆ ఐకాన్‌కు లోపల పెట్టిన గుర్తు నంబర్. ఆ దారిలో ఇప్పుడు ఆ ఫైల్ లేకపోతే విండోస్ తెల్ల కాగితం చూపిస్తుంది. ఉన్న ప్రోగ్రామ్‌ను సీ డ్రైవ్ నుంచి డీ డ్రైవ్‌కు కట్ చేసి పేస్ట్ చేసినప్పుడు, ఇన్‌స్టాల్ అక్కర్లేని పోర్టబుల్ రకాన్ని డౌన్‌లోడ్స్‌లోనే వాడుతూ ఒకరోజు డౌన్‌లోడ్స్ శుభ్రం చేసినప్పుడు, అన్‌ఇన్‌స్టాల్ సగం జరిగినప్పుడు వచ్చేది ఇదే. దీనికి రిజిస్ట్రీలో చెయ్యి పెట్టడం కన్నా ఆ ప్రోగ్రామ్‌ను సరైన ఇన్‌స్టాలర్‌తో మళ్లీ వేసెయ్యడమే నేను చెప్పే మార్గం. ఇన్‌స్టాలర్ ఈ అరలన్నీ తనే సరిగ్గా రాసుకుంటుంది. వర్డ్, ఎక్సెల్ ఐకాన్లు తెల్లబడితే కంట్రోల్ ప్యానెల్‌లో ప్రోగ్రామ్స్ అండ్ ఫీచర్స్‌కు వెళ్లి, ఆఫీస్ ఎంచుకుని, ఛేంజ్ నొక్కి క్విక్ రిపేర్ ఇవ్వు. దానికి నెట్ కూడా అక్కర్లేదు.

ప్రోగ్రామ్ పేరు జాబితాలో లేక, నువ్వే వెతికి దాని ఈఎక్స్‌ఈ ఫైల్‌ను చూపించి డిఫాల్ట్ చేశావనుకో, అప్పుడు తెల్ల కాగితం మధ్యలో ఆ ప్రోగ్రామ్ లోగో చిన్నగా వస్తుంది. అది చెడిపోయినట్టు కాదు. ఆ ప్రోగ్రామ్ ఈ రకం ఫైల్‌కు ప్రత్యేకంగా ఐకాన్ ఇవ్వలేదు కాబట్టి విండోస్ తనే ఒకటి అతికించి ఇచ్చింది.

రిజిస్ట్రీ గురించి యూట్యూబ్‌లో చెప్పే ఒక చిట్కాను మాత్రం నమ్మకు. యూజర్‌ఛాయిస్ అన్న అరలో ప్రోగ్ఐడీ పేరు చేత్తో మార్చేస్తే చాలంటారు. విండోస్ 8 నుంచి ఆ పేరు పక్కనే హ్యాష్ అని ఒక సరిచూసే కోడ్ ఉంటుంది. పేరు మార్చి, కోడ్ పాతదే ఉంటే విండోస్ నీ మార్పును ఒప్పుకోదు. యాప్ డిఫాల్ట్ రీసెట్ అయ్యిందని మూలన ఒక నోటిఫికేషన్ వస్తుంది, మళ్లీ ఎడ్జ్ వచ్చి కూర్చుంటుంది. వైరస్‌లు, అక్కర్లేని సాఫ్ట్‌వేర్‌లు చాటుగా డిఫాల్ట్‌లు మార్చకుండా పెట్టిన తాళం అది. సెట్టింగ్స్ ద్వారా మార్చడమే దానికి సరైన తాళంచెవి. ఐకాన్ ఫిక్సర్, రిజిస్ట్రీ క్లీనర్ లాంటి పేర్లతో ఉచితంగా దొరికేవి కూడా వద్దు. కస్టమర్ల ఆధార్ కాపీలు, బ్యాంక్ పాస్‌బుక్ స్కాన్‌లు తిరిగే సిస్టమ్‌లో ఎవడిదో తెలియని టూల్ నడపడం నాకు ఒప్పదు.

షాపులో ఇంకా విండోస్ 7 సిస్టమ్ ఉందన్నావు. దాంట్లో క్యాష్ ఒకే ఫైల్, లోకల్‌యాప్‌డేటా ఫోల్డర్‌లోనే దాచి ఉంటుంది. దాచిన ఫైల్ కాబట్టి ముందు దాచినవి చూపించే ఆప్షన్ పెట్టుకోవాలి, డెల్ తర్వాత స్లాష్, ఏ కూడా కొట్టాలి. ఆ సిస్టమ్‌లో దీనికన్నా పెద్ద ఆగం ఒకటి జరుగుతుంటుంది: డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్‌లన్నింటికీ ఒక్కసారిగా ఒకే ఐకాన్ వచ్చేస్తుంది, ఏది నొక్కినా నోట్‌ప్యాడో, వీడియో ప్లేయరో తెరుచుకుంటుంది. ఎవరో ఒక షార్ట్‌కట్‌ను ఓపెన్ విత్ ద్వారా తెరిచి ఎప్పటికీ అదే అన్న టిక్ వదిలేసి ఉంటారు. షార్ట్‌కట్‌కు కూడా ఎల్‌ఎన్‌కే అని ఒక ఎక్స్‌టెన్షన్ ఉంటుంది, అది మనకు కనిపించదు. మందు: రన్‌లో రెగ్ఎడిట్ తెరిచి, హెచ్‌కీ కరెంట్ యూజర్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్‌వెర్షన్, ఎక్స్‌ప్లోరర్, ఫైల్‌ఎక్స్‌ట్స్ అన్న దారిలో డాట్ ఎల్‌ఎన్‌కే దాకా వెళ్లు. దాని మీద రైట్ క్లిక్ చేసి ముందు ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకో. తర్వాత దాని కింది యూజర్‌ఛాయిస్ ఒక్కదాన్నే డిలీట్ చేసి, లాగాఫ్ అయి మళ్లీ రా. ఐకాన్లన్నీ ఎక్కడివక్కడ వచ్చేస్తాయి.

మీ అన్నయ్య పక్క గదిలో డీటీపీ పని చేస్తాడని, కోరల్‌డ్రా పాత వెర్షన్ తీసేశాక పెళ్లి పత్రికల ఫైళ్లన్నీ తెల్లబడ్డాయని చివర్లో రాశావు. పాతది పోతూ పోతూ తన ప్రోగ్ఐడీని తీసుకుపోయింది, సీడీఆర్ అన్న ఎక్స్‌టెన్షన్ ఇంకా దాన్నే చూస్తోంది. కొత్త వెర్షన్‌కు రిపేర్ ఇవ్వమను, లేదా ఒక ఫైల్ మీద ఓపెన్ విత్‌తో కొత్తదాన్ని ఎల్లప్పుడూ అని పెట్టమను, ఐకాన్ వస్తుంది. కానీ ఇక్కడ ఐకాన్ కన్నా పెద్ద చిక్కు ఉంది. డిఫాల్ట్ కొత్త వెర్షన్ అయ్యాక, పాత డిజైన్ తెరిచి మామూలుగా సేవ్ కొడితే అది కొత్త వెర్షన్ ఫైల్ అయిపోవచ్చు. అలా అయితే, ఫ్లెక్సీ ప్రింటింగ్ వాళ్ల దగ్గర పాత కోరల్ ఉంటే వాళ్లకు తెరుచుకోదు, ముహూర్తం దగ్గర పడ్డాక ఈ సంగతి బయటపడుతుంది. సేవ్ యాజ్ పెట్టెలో వెర్షన్ అన్న చోట వాళ్ల దగ్గర ఉన్న వెర్షన్ ఎంచుకుని పంపమని చెప్పు.

ఇంకొకటి అడగడం మరిచాను. కస్టమర్లు వాడే సిస్టమ్‌లలో రీస్టార్ట్ కొట్టగానే అన్నీ పాత స్థితికి తెచ్చే సాఫ్ట్‌వేర్ వేసి పెట్టారా? చాలా నెట్ సెంటర్లలో ఉంటుంది. ఉంటే పైన చెప్పినవన్నీ చేసినా రేపు పొద్దున సిస్టమ్ ఆన్ చేయగానే ఎడ్జ్ ఐకాన్ మళ్లీ ప్రత్యక్షం. ముందు దాన్ని పాస్‌వర్డ్‌తో ఆపి రీస్టార్ట్ చెయ్, డిఫాల్ట్ మార్చు, క్యాష్ తియ్యి, ఇంకోసారి రీస్టార్ట్ చేసి ఐకాన్లు నిలిచాయో లేదో చూసుకో, ఆ తర్వాతే దాన్ని మళ్లీ ఆన్ చెయ్. విండోస్‌లో డిఫాల్ట్‌లూ ఐకాన్ క్యాషూ ఏ యూజర్‌కు ఆ యూజర్‌వే కాబట్టి, కస్టమర్లకు వేరే లాగిన్ ఇచ్చి ఉంటే ఇదంతా ఆ లాగిన్‌లోకి వెళ్లి చెయ్యాలి, నీ అడ్మిన్ లాగిన్‌లో చేస్తే వాళ్ల వైపు ఏమీ మారదు.